బోర్డులు మార్చేవాడి లెక్క

మా కొట్టు చెన్నై చింతాద్రిపేటలో. ఫ్లెక్సులు, వినైలు స్టిక్కర్లు, రేకు బోర్డులు, ఎవరైనా అడిగితే గోడ మీద చేతిరాత కూడా. మా నాయన నాయుడుపేట నుంచి మద్రాసుకొచ్చి సినిమా బ్యానర్లు గీశాడు. తెలుగు సినిమా మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు పోయాక ఆయన బ్రష్షు పార్టీల వైపు తిరిగింది. ఎన్టీఆర్ కిరీటాలు గీసిన చేత్తోనే ఎంజీఆర్ టోపీ, కరుణానిధి నల్లకళ్ళజోడు గీశాడు. "టోపీ, కళ్ళజోడు కుదిరితే సాలురా, మిగతా మొకం జనమే గీసుకుంటారు" అనేవాడు.

మొన్న నెల్లూరు నుంచి మా తోడల్లుడు ఫోన్ చేశాడు. అక్కడి పార్టీల గొడవలు చాలనట్టు, "మీకు 2026 ఎన్నికలొస్తున్నాయి గదా, ఇంతకీ డీఎంకే బాగా చేసిందా, అన్నాడీఎంకేనా? ఒక్క మాటలో చెప్పు" అన్నాడు. ఒక్క మాటలో చెప్పలేకపోయాను. ఇద్దరూ నాకు ఖాతాదారులే, ఇద్దరూ బాకీ ఉన్నవాళ్ళే. ఒక వార్డు నాయకుడైతే 2016 నాటి పన్నెండు బ్యానర్ల డబ్బు ఇప్పటికీ ఇవ్వలేదు. ఏ పార్టీ అని అడక్కండి, మళ్ళీ ఆర్డరిస్తాడేమోనని ఆశ.

ఫోన్ పెట్టేశాక ఆలోచిస్తే, నా దగ్గర వేరే కొలబద్ద ఉందనిపించింది. ప్రభుత్వం మారగానే నాకు పని పడుతుంది. పాత పేరు తీసి కొత్త పేరు, పాత బొమ్మ మీద కొత్త బొమ్మ. 2016లో జయలలిత వరసగా రెండోసారి గెలిచినప్పుడు ఆ పని తగలలేదు. ఎంజీఆర్ 1984లో గెలిచాక అధికారంలో ఉన్న పార్టీ మళ్ళీ గెలవడం అదే మొదలు, ఆ ఏడు నాలాంటివాళ్ళకు బేరాల్లేవు. కాబట్టి ఎవరేం కట్టారన్నది పేపర్లవాళ్ళు చెప్తారు గానీ, అవతలివాడు కట్టినదాన్ని ఎవరు ఎంత ఉండనిచ్చారన్నది నా బిల్లు పుస్తకం చెప్తుంది.

ముందు 2011 చెప్పాలి. అదొక ప్రళయం.

అంతకు ముందటేడు కరుణానిధి ప్రభుత్వం సమచ్చీర్ కల్వి అని అన్ని బోర్డుల పిల్లలకూ ఒకే పాఠ్యప్రణాళిక తెచ్చింది. మొదట ఒకటో తరగతికీ ఆరో తరగతికీ. మరుసటేడు మిగతా తరగతుల పుస్తకాలు అచ్చయి గోడౌన్లలో సిద్ధంగా ఉన్నాయి. మే నెలలో జయలలిత గెలిచి, ఆ పుస్తకాలు వద్దంది. మా అమ్మాయి అప్పుడు ఎనిమిదో తరగతి. జూన్‌లో బడి తెరిచారు, పుస్తకాల్లేవు. జూలై అయింది, లేవు. పిల్లలు బడికెళ్ళి కబడ్డీ ఆడుకుని వచ్చేవాళ్ళు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆగస్టులో కోర్టు ఆ పుస్తకాలే ఇవ్వాల్సిందేనని తేల్చాక పంచారు. పంచేముందు కరుణానిధి పేరు, రాతలు ఉన్నచోట్ల స్టిక్కర్లు అంటించారు, కొన్నిచోట్ల నల్లసిరా పూశారు.

స్టిక్కరు నా వృత్తి. ఇంట్లో ఆ పుస్తకం చేతికి రాగానే ముందు గోరుతో గీకి చూశాను. జిగురు నాసిరకం. మా అమ్మాయి అన్నం గిన్నె ఆవిరి పట్టి నెమ్మదిగా ఊడబెరికి, కింద ఏముందో ముందు అదే చదివింది. పుస్తకంలో మరే పాఠాన్నీ అంత శ్రద్ధగా చదవలేదు.

ఆ ఏడాదే కేలండరు కూడా మారింది. 2008లో డీఎంకే వాళ్ళు తమిళ సంవత్సరాదిని చిత్తిరై నుంచి తై ఒకటికి, అంటే సంక్రాంతి రోజుకు మార్చారు. 2011లో అమ్మ, అంటే జయలలిత, దాన్ని తిరిగి చిత్తిరైకి తెచ్చింది. కేలండరు పని చేసేవాళ్ళకు చేతినిండా తిప్పలు. మా ఇంట్లో ఉగాది మాత్రం ఎక్కడికీ కదల్లేదు. కలైజ్ఞర్ (కరుణానిధి బిరుదు) పేరున్న ఆరోగ్య బీమా 2012లో ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా అయింది. కార్డు మారింది, ఆస్పత్రి బయట బోర్డు మారింది, లోపల ఆపరేషన్లు అవే.

అన్నిటికంటే పెద్దది ఓమందూరార్ ఎస్టేట్‌లోని కొత్త సచివాలయం. అది మా కొట్టుకు నడిచిపోయేంత దూరం. 2010 మార్చిలో మన్మోహన్ సింగ్ వచ్చి ప్రారంభించినప్పుడు గుమ్మటం ఇంకా పూర్తి కాలేదు, పైన సినిమా సెట్టింగు వేశారని ఊరంతా నవ్వింది. పద్నాలుగు నెలలకే ప్రభుత్వం మారి, జయలలిత ఆ భవనంలో అడుగు పెట్టనని మళ్ళీ సెయింట్ జార్జి కోటకే వెళ్ళిపోయింది. దాన్ని ఆస్పత్రి చేస్తానంటే, అసెంబ్లీ కోసం కట్టిన హాల్లో మంచాలు వేస్తారా అని నేనూ ఎగతాళి చేశాను. 2014లో తెరిచారు. తర్వాత రెండేళ్ళకు మా అమ్మకు గుండెలో స్టెంటు అక్కడే వేశారు, పైసా తీసుకోలేదు. కరోనాలో ఆ ఆస్పత్రి లేకపోతే మా పేట ఏమయ్యేదో. కక్షతో చేసిన పని కూడా జనానికి పనికొచ్చింది. కొట్టూరుపురంలో అన్నా శతజయంతి గ్రంథాలయాన్ని కూడా పిల్లల ఆస్పత్రి చేస్తానని 2011లోనే ప్రకటించారు, దాన్ని హైకోర్టు ఆపింది. అదీ మంచికే. రెండూ అవతలివాడి మీద కోపంతో తీసుకున్న నిర్ణయాలే, ఒకటి జరిగి మేలైంది, ఒకటి ఆగి మేలైంది. దీన్ని ఎవరి ఖాతాలో రాయాలి?

ఇక 2021. డీఎంకే పదేళ్ళ తర్వాత గెలిచింది. నేను రేకులు, రంగులు ముందే కొని పెట్టుకున్నాను, 2011 లాంటి పని తగులుతుందని. ఫలితాలొచ్చిన రెండ్రోజులకే ముగప్పేరు వైపు ఒక అమ్మ క్యాంటీన్‌లో ఇద్దరు డీఎంకేవాళ్ళు దూరి బోర్డులు పీకి పారేశారు. ఆ వీడియో చూసి, ఇంకేం, మొదలైందనుకున్నాను. తీరా చూస్తే డీఎంకే నాయకుడు స్టాలిన్ ఆ ఇద్దరినీ పార్టీ నుంచి తీసేయించి, పీకిన బోర్డు తిరిగి పెట్టించాడు. నాకు కొంచెం నిరాశే, అబద్ధమెందుకు.

అమ్మ ఉణవగం, అంటే ఆ అమ్మ క్యాంటీన్, 2013లో మొదలైంది. రూపాయికి ఇడ్లీ, ఐదు రూపాయలకు సాంబారన్నం, మూడు రూపాయలకు పెరుగన్నం. మా పేటలో దాని ముందు నిలబడేవాళ్ళు అంతా బీదలేనని అనుకోవద్దు. మోటారు రిపేరు మెకానిక్కులు, ప్రెస్సుల్లో పనిచేసే కుర్రాళ్ళు, మా నాయన కూడా. ఆ బోర్డు మీద జయలలిత బొమ్మ ఇంత లావున ఉంటుంది. 2024 జూలైలో స్టాలిన్ తేనాంపేటలో ఒక అమ్మ క్యాంటీన్‌కు వెళ్ళి రుచి చూసి, గిన్నెలకూ మరమ్మతులకూ 21 కోట్లు ఇస్తున్నామన్నాడు. ఆ డబ్బు ఎంత చేరిందో గానీ, మా దగ్గరి క్యాంటీన్‌లో ఇడ్లీ 2013లో ఉన్నంత మెత్తగా లేదన్నది నిజం. బోర్డు ఉండనివ్వడం వేరు, పిండి బాగా రుబ్బించడం వేరు.

బడి సంచుల సంగతి ఇంకా నచ్చింది. పాత ప్రభుత్వం జయలలిత, తర్వాత ముఖ్యమంత్రైన ఎడప్పాడి పళనిస్వామి బొమ్మలు అచ్చేయించిన సంచులు లక్షల్లో మిగిలిపోయాయి. వాటినే పంచేయండి, బొమ్మ మార్చడానికయ్యే 13 కోట్లు పిల్లలకే ఖర్చు పెడదామని స్టాలిన్ చెప్పాడట, విద్యామంత్రి అసెంబ్లీలో చెప్పాడు. పుస్తకం మీద స్టిక్కర్లు అంటించిన ప్రభుత్వాన్నీ, అవతలివాడి బొమ్మున్న సంచీ పంచిన ప్రభుత్వాన్నీ పదేళ్ళ తేడాలో ఒకే ఊళ్ళో చూశాను. నన్నడిగితే డీఎంకేకి ఎక్కువ మార్కులు ఇక్కడే పడతాయి.

అలాగని వాళ్ళకు పేర్ల పిచ్చి లేదనుకునేరు. కిళాంబాక్కం బస్టాండుకు 2019లో పునాది వేసింది పళనిస్వామి. 2023 డిసెంబరులో తెరిచింది స్టాలిన్. పేరు కలైజ్ఞర్ శతజయంతి బస్ టెర్మినస్. గిండీలో ఆస్పత్రి కలైజ్ఞర్ పేరిట, మదురైలో గ్రంథాలయం ఆయన పేరిట, ఆడవాళ్ళకిచ్చే వెయ్యి రూపాయలు ఆయన పేరిట, జల్లికట్టు మైదానం కూడా ఆయన పేరిటే. ఆయన పసుపు శాలువా రంగు కలిపి కలిపి మా కుర్రాడికి కొలతలు కంఠతా వచ్చేశాయి. అన్నాడీఎంకే వాళ్ళేం తక్కువ కాదు. 2013లో వదిలిన చిన్న బస్సుల మీద పచ్చటి ఆకులు వేయించి, ఇవి మా రెండాకుల గుర్తు కాదు, ఉత్త ఆకులేనన్నారు. ఎన్నికలప్పుడు వాటిని కప్పాల్సి వచ్చింది. ఎన్నికల కమిషన్‌కు ఆకులు లెక్కపెట్టడం వచ్చు.

ఈ శిలాఫలకాల గొడవ ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే తోడల్లుడి ప్రశ్నకు నిజమైన చిక్కు ఇక్కడే ఉంది. సముద్రపు నీళ్ళు మంచినీళ్ళు చేసే ప్లాంట్లు చూడండి. మీంజూరు ప్లాంటుకు ఒప్పందం 2005లో, జయలలిత హయాం. తెరిచింది 2010లో, కరుణానిధి. నెమ్మెలి ప్లాంటుకు పునాది 2010లో, డీఎంకే. తెరిచింది 2013లో, జయలలిత. నెమ్మెలిలోనే రెండో ప్లాంటుకు పునాది 2019లో పళనిస్వామి, తెరిచింది 2024లో స్టాలిన్. మెట్రో రైలు పనులు 2009లో డీఎంకే మొదలెట్టింది, 2015 జూన్‌లో పచ్చజెండా ఊపింది జయలలిత. ఎవరి నీళ్ళు తాగుతున్నానో, ఎవరి రైలెక్కుతున్నానో నాకే తెలీదు. ఆ మాటకొస్తే పూండి చెరువుకు వచ్చే కృష్ణా నీళ్ళు ఎన్టీఆర్, ఎంజీఆర్ సంతకాల పుణ్యం. మా తోడల్లుడికి ఈ సంగతి చెప్తే కాస్త మీసం మెలేశాడు.

కరెంటు కూడా అంతే. ఫ్లెక్సు యంత్రం మధ్యలో ఆగితే బ్యానరు మీద గీత పడుతుంది, ఆ గీత నాయకుడి ముక్కు మీదుగా పోతే డబ్బు రాదు. డీఎంకే చివరి రెండు మూడేళ్ళలో కోతలు మొదలయ్యాయి, 2011లో వాళ్ళు ఓడిపోవడానికి అదొక కారణం. మూడు నెలల్లో సరిచేస్తామన్నట్టు మాట్లాడినవాళ్ళు వచ్చాక 2012లో చెన్నైలోనే రెండు గంటల కోత. కోయంబత్తూరు వైపు పదీ పన్నెండు గంటలు. తర్వాత సర్దుకుంది నిజమే. ఇప్పుడు కరెంటు పోవడం తక్కువ గానీ 2022 నుంచి ఈబీ (కరెంటు బోర్డు) బిల్లు పలుమార్లు పెరిగింది, ఆస్తిపన్ను పెరిగింది. అన్నాడీఎంకే 2011లో, 2018లో బస్సు ఛార్జీలు పెంచింది. ఎవరు ఎటు లాగినా జేబు నాదే.

మా కొట్లో లామినేషన్ చూసే అమ్మాయి రెడ్‌హిల్స్ వైపు నుంచి వస్తుంది. 2021 మే నుంచి ఆడవాళ్ళకు మామూలు బస్సుల్లో టిక్కెట్టు లేదు. అంతకుముందు ఆమెకు నెలకు ఏడెనిమిది వందలు బస్సుకే పోయేవి. 2023 సెప్టెంబరు నుంచి వెయ్యి రూపాయలు ఖాతాలో పడుతున్నాయి, రాష్ట్రంలో కోటికి పైగా ఆడవాళ్ళకు అలా పడుతున్నాయి. చిన్నకొడుక్కి కార్పొరేషన్ బడిలో పొద్దున టిఫిను. ఇంట్లో అమ్మ ఇచ్చిన గ్రైండరు, అంతకుముందు కలైజ్ఞర్ ఇచ్చిన 14 అంగుళాల టీవీ. టీవీ పాడైతే దాని మీద గ్రైండరు పెట్టుకుంది. నాకు తెలిసి రెండు పార్టీలూ అంత సఖ్యంగా ఉన్న చోటు ఇంకోటి లేదు.

ఉచితాలని ఈసడించుకునేవాళ్ళు ఈ అమ్మాయి లెక్క ముందు కూర్చోవాలి. అప్పులు మాత్రం నన్ను కలవరపెడతాయి. 2021లో మంత్రి పళనివేల్ త్యాగరాజన్ శ్వేతపత్రం తీసి, అన్నాడీఎంకే వాళ్ళు ఒక్కో కుటుంబం నెత్తిన 2,63,976 రూపాయల అప్పు పెట్టి పోయారన్నాడు. 2025-26 బడ్జెట్టు అంచనా ప్రకారం రాష్ట్రం మొత్తం అప్పు 9,29,959 కోట్లు. ఈసారి శ్వేతపత్రం ఎవరూ తీయలేదు. పెట్టుబడుల సభల లెక్కలు నేను పట్టించుకోను. 2015లో 2.42 లక్షల కోట్లు, 2019లో 3 లక్షల కోట్లు, 2024లో 6.64 లక్షల కోట్లు, అన్నీ సంతకాలు. బ్యానర్ల మీద సున్నాలు కుదించడానికి నేను పడ్డ పాట్లు నాకే తెలుసు.

ఏ ప్రభుత్వం వచ్చినా మారని బోర్డు ఒకటుంది, టాస్మాక్ మద్యం కొట్టు. 2003లో చిల్లర అమ్మకమంతా ప్రభుత్వం చేతికి తెచ్చింది జయలలిత. తర్వాత వచ్చినవాళ్ళెవరూ దాన్ని వదులుకోలేదు. 2016లో 500, 2017లో 500 కొట్లు అన్నాడీఎంకే మూసింది, 2023లో 500 డీఎంకే మూసింది, ఆదాయం మాత్రం మూతపడలేదు. అన్నిటి మీదా బొమ్మలేసుకునే నాయకులు ఆ ఒక్క బోర్డు మీద వేసుకోలేదు.

వాన మాట ఎత్తకుండా చెన్నై గురించి రాయడం కుదరదు. మా ఇల్లు వ్యాసర్పాడిలో. 2015 డిసెంబరులో మోకాళ్ళ దాకా నీళ్ళు. ఊరి దక్షిణాన ఇంకా ఘోరం, చెంబరంబాక్కం నుంచి సెకనుకు 29 వేల ఘనపుటడుగులు వదిలితే అడయారు ఒడ్డు మునిగిపోయింది. అది మనుషులు చేసిన విపత్తేనని తర్వాత కాగ్ రాసింది. సాయం పొట్లాల మీద అమ్మ స్టిక్కర్లు అంటించారని అప్పుడు దేశమంతా గోల. ఆ నాలుగు రోజులూ మా కొట్టుకు కరెంటు లేదు కాబట్టి ఆ పాపం నా చేతికి అంటలేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను. అప్పటికి డీఎంకే వాన కాలువలకు నాలుగు వేల కోట్లని చెప్పుకుంటోంది. టీ నగర్ తొందరగా ఆరిందన్నారు. మా వీధిలో నీళ్ళు నాలుగో రోజుకూ పోలేదు. 2015 గుర్తు గోడ మీద ఇంకా ఉంది, కొత్త గుర్తు దానికి జానెడు కింద పడింది. ఆ జానెడు తేడానే నాలుగు వేల కోట్లు అని మా ఆవిడ అంది.

ఇంత చెప్పాక, ఇన్నేళ్ళలో నాకు బాగా నచ్చిన పథకం ఏదంటే, 2003లో జయలలిత ప్రతి ఇంటికీ వాననీటి గుంత తప్పనిసరి చేయడం. అప్పుడు తిట్టుకుంటూ డాబా మీది గొట్టం బావి పక్క గుంతలోకి దించాం. రెండు వానాకాలాలు గడిచేసరికి మా బావినీళ్ళలో ఉప్పదనం తగ్గింది. తర్వాత గుంతలో మట్టి తీయడం మేమే మానేశాం, 2019 వేసవిలో బిందెలు పట్టుకుని మెట్రో వాటర్ లారీ వెంట పరిగెత్తాం. ఆ పథకం వల్ల నాకు ఒక్క బోర్డు పని కూడా రాలేదు.

తెలుగువాళ్ళ సంగతేంటని కూడా తోడల్లుడు అడిగాడు. అక్కడ రెండు పార్టీలదీ ఒకే దారి. బళ్ళలో తమిళం తప్పనిసరి చేస్తూ 2006లో చట్టం చేసింది డీఎంకే, దాన్ని పదో తరగతి దాకా నడిపించింది అన్నాడీఎంకే. తమిళం నేర్చుకోవద్దని ఎవరూ అనలేదు, నా బతుకే తమిళ అక్షరాల మీద. అడిగిందల్లా తెలుగు కూడా పరీక్షగా రాయనివ్వమని. దానికి భాషా మైనారిటీ పిల్లలు కోర్టులకెళ్ళి మినహాయింపులు తెచ్చుకోవాల్సి వచ్చింది, 2023లో సుప్రీంకోర్టు దాకా. మా మేనల్లుడు ఆ పిల్లల్లో ఒకడు. ఓట్ల ముందు మాత్రం ఇద్దరూ మా పేటలకు తెలుగులో కరపత్రాలు వేయిస్తారు. అక్షరదోషాలు దిద్దేది నేనే, దానికి డబ్బు తీసుకోను.

2019 సెప్టెంబరులో పళ్ళికరణై దగ్గర ఒక అధికార పార్టీ నాయకుడి ఇంటి పెళ్ళి బ్యానరు పడి, స్కూటరు మీద వెళ్తున్న అమ్మాయి లారీ కింద పడి చనిపోయింది. మా అమ్మాయి వయసే. అది నేను వేసిన బ్యానరు కాదు, అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ తర్వాత రోడ్డు మీద కట్టే ఫ్లెక్సులు మానేశాను. బ్యానర్లొద్దని స్టాలిన్ తన పార్టీవాళ్ళకు అప్పుడు చెప్పాడు, మెచ్చుకున్నాను. ఇప్పుడు ఆ పార్టీవాళ్ళే మా సందు మొదట్లో కట్టారు, చూస్తూనే ఉన్నాను.

పోయిన వారం ఒకాయన వచ్చాడు, వార్డు ఆఫీసుకు రేకు బోర్డు కావాలట. ఈసారి ఎర్రా పసుపూ జెండాల కొత్త పార్టీవాళ్ళు కూడా రేట్లు అడిగి పోతున్నారు, ఈయన మాత్రం పాతవాడే. అక్షరాలన్నీ ఎనామిల్ పెయింటుతో గట్టిగా రాయమన్నాడు. నాయకుడి బొమ్మ మాత్రం బోర్డు మీద వేయొద్దట, వేరే చిన్న రేకు మీద వేసి నాలుగు మూలలా నాలుగు స్క్రూలు బిగించమన్నాడు.

"వెల్డింగ్ చేస్తే గట్టిగా ఉంటుందన్నే" అన్నాను.

"వద్దు తంబీ, స్క్రూలే చాలు" అని అడ్వాన్సు కూడా ఇచ్చి వెళ్ళాడు.